కోతకు ప్యాకేజీ ఉంది, కసరత్తుకు లేదు

(సావిత్రీబాయి ఫూలే వర్ధంతి సందర్భంగా ఢిల్లీ మునిర్కాలో తెలుగు విద్యార్థులు జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం.)



నా అంశం ఏమిటని అడిగితే "మూత్రం ఆగకపోవడం, దానికి కండరాల వ్యాయామం" అని గ్రూపులో పెట్టాను. రెండు నవ్వు బొమ్మలు వచ్చాయి. ఒక తమ్ముడు "అక్కా, ఆ రోజు సావిత్రీబాయి వర్ధంతి కదా" అని గుర్తు చేశాడు. అందుకే ఈ అంశం తీసుకున్నాను. 1897 మార్చి 10న ఆమె చనిపోయింది ప్లేగు రోగులకు సేవ చేస్తూ, ఆ జబ్బు తనకే అంటుకుని. అంతకు ముప్పై నాలుగేళ్ళ ముందు, 1863లో, గర్భవతులైన వితంతువులు రహస్యంగా వచ్చి కాన్పు చేసుకోవడానికి ఫూలే దంపతులు పుణేలో ఒక ఆశ్రయం తెరిచారు. కాన్పు, రక్తం, చీము, మలమూత్రాలు ఆమెకు ఉద్యమానికి బయటి విషయాలు కావు. మనకు మాత్రం ఎందుకు కావాలి?

ముందు విషయం చెప్తాను, రాజకీయం తర్వాత.

దగ్గినా, తుమ్మినా, నవ్వినా, బరువెత్తినా చుక్కలు పడటం ఒక రకం. ఉన్నట్టుండి ఆపుకోలేనంత వచ్చి, మరుగుదొడ్డికి చేరేలోపే అయిపోవడం ఇంకో రకం. చాలామందికి రెండూ కలిసి ఉంటాయి. మన ఇళ్ళలో దీన్ని జబ్బు అనరు. "పిల్లల్ని కన్నాక అంతే", "వయసు మీద పడింది" అంటారు. కాన్పుతోనూ వయసుతోనూ దీనికి సంబంధం ఉన్న మాట నిజమే. చేయగలిగిందేమీ లేదన్నది మాత్రం అబద్ధం.

కటి ఎముకల అడుగున, ముందు ఎముక నుంచి వెనక తోకఎముక దాకా, ఉయ్యాల గుడ్డ కట్టినట్టు కొన్ని కండరాలు ఉంటాయి. పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రసంచి, గర్భసంచి, మలాశయం వాటి మీద ఆని ఉంటాయి. మూత్రనాళం, యోని, మలద్వారం వాటి మధ్య నుంచి బయటికి వస్తాయి. మనం దగ్గినప్పుడు పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా కిందికి తోస్తుంది. ఈ కండరాలు ఆ క్షణంలో బిగిస్తే నాళం మూసుకుంటుంది, లేకపోతే కారుతుంది. కాన్పులో బిడ్డ తల దిగేటప్పుడు ఈ కండరాలు విపరీతంగా సాగుతాయి, ఒక్కోసారి చీలుతాయి, నరాలు దెబ్బతింటాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి బరువులు, దగ్గు, మలబద్ధకం తోడైతే ఆ ఉయ్యాల ఇంకా జారుతుంది.

కండరం కాబట్టి దానికి కసరత్తు ఇవ్వొచ్చు. అపానవాయువు బయటికి పోకుండా ఆపుకునేటప్పుడు ఏది బిగుస్తుందో, ఆ చోటు. దాన్ని బిగించి, లోపలికి, పైకి లాగాలి. ఊపిరి బిగబట్టకూడదు. పిరుదులు, తొడలు బిగించకూడదు. కొన్ని సెకన్లు పట్టి ఉంచి, పూర్తిగా వదిలేయాలి. వదలడం కూడా కసరత్తులో భాగమే. బలం వచ్చేకొద్దీ పట్టు కాలం పది సెకన్ల దాకా పెంచుకోవచ్చు. మధ్యలో కొన్ని వేగంగా బిగించి వదిలేవి చేయాలి, ఎందుకంటే తుమ్ము మనల్ని అడిగి రాదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ లెక్క ప్రకారం ఒక్కో విడతకు కనీసం ఎనిమిది సార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు, అదీ తెలిసినవారి పర్యవేక్షణలో. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ఆపి చేయమని కొందరు చెప్తుంటారు. అలా అలవాటు చేసుకోకూడదు, మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాదు.

ఇంకో చిన్న కిటుకు ఉంది. దగ్గబోయే ముందు, తట్ట ఎత్తబోయే ముందు ఆ కండరాన్ని బిగించడం. 1998లో అమెరికాలో మిల్లర్, డిలాన్సీ బృందం వయసు పైబడిన స్త్రీలకు ఈ ఒక్కటి నేర్పి చూస్తే, వారంలోనే దగ్గినప్పుడు పడే మూత్రం బాగా తగ్గింది. వారంలో కండరం బలపడదు. సమయానికి వాడటం తెలిసింది, అంతే.

ఈ వ్యాయామానికి లోకం ఆర్నాల్డ్ కెగెల్ పేరు పెట్టింది. లాస్ ఏంజెల్స్ గైనకాలజిస్టు, 1948లో ఆయన వ్యాసం వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు జరిగిన ప్రయోగాలను కాక్రేన్ సమీక్ష 2018లో ఒకచోట చేర్చింది. 14 దేశాలు, 31 ప్రయోగాలు, 1817 మంది స్త్రీలు. దగ్గితే, తుమ్మితే పడే రకంలో, వ్యాయామం చేసినవారిలో నూటికి 56 మంది తమకు నయమైందని చెప్పారు. చేయనివారిలో ఆరుగురు. మందు బిళ్ళ ఏదైనా ఈ ఫలితం ఇస్తే దాని ప్రకటన మునిర్కా మెట్రో స్టేషన్ నిండా ఉండేది. ఇందులో అమ్ముకోవడానికి ఏమీ లేదు.

అలాగని అమ్మకుండా ఊరుకున్నారా? కండరం పేరుతో ఆప్‌లు, బంతులు, యంత్రాలు అమ్ముతున్నారు. యూట్యూబ్‌లో తెలుగులో వెతికితే సగం వీడియోలు "మీ వారిని సంతోషపెట్టండి" అనే దగ్గర మొదలవుతాయి. ఇంకో పక్క "ఇదంతా మన ఋషులు మూలబంధం పేరుతో ఎప్పుడో చెప్పారు" అనేవాళ్ళు. హఠయోగంలో ఆ బిగింపు ఉంది, కాదనను. అది మగ సాధకుడి ప్రాణాన్ని పైకి తీసుకుపోవడానికి. కాన్పు చేసుకున్న కూలిమనిషికి మూత్రం ఆగడం కోసం ఎవరూ నేర్పలేదు. కాన్పుల దగ్గర ఉన్నది మంత్రసానులు. మన ప్రాంతాల్లో ఎక్కువగా మంగలి, చాకలి, మాల, మాదిగ కులాల స్త్రీలు. వాళ్ళ చేతుల్లో ఉన్నదాన్ని విద్య అనలేదు, మైల అన్నారు.

ఇప్పుడు నాకు ముఖ్యమైన మాటకు వస్తాను. ఈ వైద్యాన్ని ఎప్పుడూ "ఖర్చు లేనిది, ఇంట్లోనే చేసుకోవచ్చు" అని పరిచయం చేస్తారు. ఆ మాట వినగానే మన ఆరోగ్య వ్యవస్థ చేతులు దులుపుకుంటుంది. ఒక కరపత్రం ఇస్తే పని అయిపోతుంది. కాదు. 1991లో బంప్ అనే వైద్యుడి బృందం 47 మంది స్త్రీలకు నోటిమాటగా క్లుప్తంగా చెప్పి, వాళ్ళు ఎలా చేస్తున్నారో కొలిచింది. సరిగ్గా చేసినవాళ్ళు సగం మందే. నాలుగో వంతు మంది లోపలికి లాగడానికి బదులు కిందికి ముక్కుతున్నారు. అలా ముక్కితే సమస్య పెరిగే ప్రమాదం ఉంది. కెగెల్ కూడా ఒత్తిడి కొలిచే పరికరం తయారు చేసుకున్నది, వేలితో పరీక్షించి నేర్పమన్నది ఇందుకే. కనపడని కండరం ఇది. ఎవరో ఒకరు చేతితో తాకి, "ఆ, ఇదే, ఇప్పుడు బిగించు" అని చెప్పాలి.

తాకాలి. మన దేశంలో ఈ క్రియాపదం అంత తేలిక కాదని ఈ గదిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో జరిపిన అంటరానితనం సర్వే గుర్తుండే ఉంటుంది. ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖ్‌దేవ్ థోరాట్ తదితరుల పుస్తకంగా 2006లో వచ్చింది. దాదాపు మూడో వంతు గ్రామాల్లో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్ళకు వెళ్ళడానికి ఇష్టపడలేదు. ఇక్కడి జేఎన్‌యూ ఆచార్యురాలు సంఘమిత్ర ఆచార్య 2010లో గుజరాత్, రాజస్థాన్ గ్రామాల దళిత పిల్లల మీద చేసిన అధ్యయనం చదవండి. వైద్యం అందేటప్పుడు వివక్ష ఎక్కువగా కనపడిన రూపాల్లో ఒకటి తాకకపోవడం. పిల్లవాడి చేతిలో మాత్ర పెట్టడానికే వెనకాడే చెయ్యి, వాళ్ళమ్మ పెల్విక్ ఫ్లోర్‌ని పరీక్షిస్తుందా? ఖర్చు లేని వైద్యం కులం లేని వైద్యం కాదు.

మా పెద్దమ్మ గురించి చెప్తాను. ఆమె అనుమతి తీసుకునే చెప్తున్నాను. "పేరు చెప్పమాకు, మిగతాదంతా చెప్పు" అంది. పల్నాడులో మిరపకోతలకి, పత్తి తీతకి పోయే మనిషి. ముగ్గురు పిల్లలు. మూడో కాన్పు తర్వాత పదిహేనేళ్ళు కారుతూనే ఉంది. ఆటోలో కూలికి పోయేటప్పుడు ఎప్పుడూ అంచున కూర్చునేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేలో నీళ్ళు తాగేది కాదు. పెళ్ళిళ్ళకు పోయేది కాదు. ముప్పై ఎనిమిదో ఏట, పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకుంటే, గర్భసంచి తీసేస్తే అన్నీ పోతాయన్నారు. తీసేశారు. మూత్రం కారడం పోలేదు.

పోదు కూడా. స్వీడన్‌లో పెద్ద సంఖ్యలో స్త్రీల రికార్డులను పరిశీలించి 2007లో లాన్సెట్‌లో వచ్చిన పరిశోధన, గర్భసంచి తీయించుకున్నవాళ్ళకు ఆ తర్వాత మూత్రం కారడానికి ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం రెట్టింపుకు మించి ఉందని తేల్చింది. ఈ సంగతి మన తెలుగువాళ్ళకు మరీ ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి మూడు చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. దేశంలో ముందువరసలో ఉన్నాం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తొలి ఏళ్ళలో ఈ ఆపరేషన్లు ఎంత పెరిగాయంటే, వాటిని ప్రైవేటు ఆసుపత్రుల జాబితా నుంచి తప్పించాల్సి వచ్చింది. 2023లో సుప్రీంకోర్టు, డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన పిటిషన్ మీద, అనవసరపు గర్భసంచి తొలగింపుల్ని ఆపే మార్గదర్శకాలు అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది.

నేను ఆపరేషన్లకు వ్యతిరేకిని కాదు. గర్భసంచి బాగా జారిపోయినవాళ్ళకు, వ్యాయామంతో తగ్గనివాళ్ళకు శస్త్రచికిత్స కావాలి. కాన్పు తర్వాత ఆగకుండా నిత్యం కారుతుంటే అది ఫిస్టులా కావచ్చు, దానికి వ్యాయామం పనికిరాదు. మూత్రంలో రక్తం, మంట, జ్వరం ఉంటే ముందు డాక్టరు. నా అభ్యంతరం వరస మీద. మొదట ఇవ్వాల్సింది మూడు నెలల శిక్షణ. మనవాళ్ళకు మొదటే కత్తి వస్తోంది. ఎందుకంటే బీమా పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వాటికి లెక్క కడతాయి. కోతకు ప్యాకేజీ ఉంది. ఒక మనిషి ఇంకో మనిషి పక్కన కూర్చుని పన్నెండు వారాలు నేర్పడానికి లేదు.

పెద్దమ్మ కథ అక్కడ ఆగలేదు. పోయిన వేసవిలో నేను ఊళ్ళో ఉన్నప్పుడు, ఫిజియోథెరపీ చేసిన నా స్నేహితురాలు రెండుసార్లు వచ్చి ఆమెను పరీక్షించి నేర్పింది. మొదటిరోజు పెద్దమ్మ నన్ను బయటికి పంపి తలుపేసుకుంది. గంట తర్వాత బయటికి వచ్చి అన్న మాట ఇది: "అమ్మాయ్, ఇన్నేళ్ళల్లో ఆ చోటు చెయ్యి పెట్టి బాగు చేద్దామని చూసిన మనిషి ఇదే మొదలు." ఒక్క గది ఇల్లు, పడుకుని చేసుకునే ఏకాంతం ఎక్కడిది? ఆటోలో కూర్చుని చేసుకునేది. ఈ కసరత్తులో ఉన్న గొప్ప సుగుణం అదే, పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా తెలీదు. మూడు నెలల తర్వాత ఫోన్ చేస్తే, "దగ్గితే పడట్లేదే. మిరపకాయ టిక్కీ ఎత్తితే మాత్రం ఇంకా పడుద్ది" అంది. ఆ టిక్కీ ఎంత బరువుంటుందో చూసినవాళ్ళకు తెలుసు. ఆ బరువుకు ఏ కండరమూ పూర్తి జవాబు కాదు. కూలి రేటు, పని పద్ధతి, మోసే బరువు కూడా ఈ వైద్యంలో భాగం కావాలి.

ఇంకొకటి, మనం తక్కువ మాట్లాడుకునేది. వాసన. ఆ మాట మన మీద చాలా పాతకాలం నుంచి విసిరే రాయి. స్కూల్లో బెంచీ మీద, హాస్టల్ గదిలో విన్నవాళ్ళు ఇక్కడ ఉన్నారు. అగ్రకుల స్త్రీకి మూత్రం కారితే అది సిగ్గు. దళిత స్త్రీకి కారితే అది ఆమె కులం గురించి వాళ్ళు ముందే అనుకున్నదానికి రుజువైపోతుంది. అందుకే మనవాళ్ళు ఎక్కువ దాస్తారు. నీళ్ళు మానేస్తారు. నీళ్ళు మానేస్తే మూత్రం చిక్కబడి మూత్రసంచి ఇంకా చిరాకుపడుతుంది, మలబద్ధకం వస్తుంది, ముక్కుతారు, ఆ కండరాలు ఇంకా జారతాయి. సిగ్గు ఇక్కడ మనసులో ఆగిపోదు, ఒంటికి పని చేస్తుంది.

దీనికి పల్నాడు దాకా పోనక్కర్లేదు. పొద్దున్నే ఏడింటికి మన గల్లీల్లోంచి వసంత్ విహార్ ఇళ్ళలో పనికి పోయే అక్కలను చూడండి. నాతో మాట్లాడిన వాళ్ళలో కొందరు చెప్పింది ఒక్కటే: ఆ ఇళ్ళలో బాత్రూం కడగాలి, వాడకూడదు. నాలుగిళ్ళ పని అయ్యేదాకా ఆపుకోవాలి. ఎయిమ్స్, సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి ఇక్కడికి కొద్ది కిలోమీటర్లే. ఒక రోజు ఓపీ అంటే ఒక రోజు జీతం. వారం వారం శిక్షణకు రమ్మంటే ఎవరు పోతారు?

బాబాసాహెబ్ 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లును సమర్థిస్తూ చేసిన వాదన ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికి మేలు అన్నారు. ఆ భారం ప్రధానంగా ప్రభుత్వం మొయ్యాలి, అయితే స్త్రీ శ్రమ వల్ల లాభపడే యజమాని కూడా తప్పించుకోకూడదు అన్నారు. మరుసటి ఏడు ఆ చట్టం వచ్చింది, అదీ ఫ్యాక్టరీ కూలీలకు. ఈ రోజు ఉద్యోగినికి 26 వారాల సెలవు ఉంది. మిరపచేలో కూలికి, ఇంటిపని అక్కకు ఉన్నది మాతృవందన యోజన కింద మొదటి బిడ్డకు 5000 రూపాయలు, అదీ వాయిదాల్లో. సాగిన కండరం కోలుకునే వారాల్లోనే ఆమె మళ్ళీ బరువెత్తుతుంది. మనం ప్రసూతి హక్కును సెలవు గానే చూస్తున్నాం. కోలుకోవడానికి నేర్పే చెయ్యి కూడా ఆ హక్కులో ఉండాలని నా వాదన.

"మన దగ్గర అంతమంది ఫిజియోథెరపిస్టులు ఎక్కడున్నారు?" అని మొన్న ఒక సెమినార్‌లో అడిగారు. బంగ్లాదేశ్ వైపు చూడమన్నాను. అక్కడ 16 గ్రామాల్లో 60 నుంచి 75 ఏళ్ళ స్త్రీలతో చేసిన ప్రయోగం 2019లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది. ఊళ్ళోనే, గుంపుగా, వ్యాయామ తరగతులు. మూత్రం కారడం గణనీయంగా తగ్గింది. మన ఊళ్ళతో పోల్చదగిన ఊళ్ళే అవి.

మన దగ్గర ఆశా కార్యకర్త ఉంది. ఆసుపత్రిలో కాన్పయిన ఇంటికి ఆమె ఆరుసార్లు పోవాలి: 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. బిడ్డ బరువు తూచడానికి, వేడి చూడటానికి. ఆ ఆరింట్లో ఒక్కసారి, తల్లిని "దగ్గితే పడుతోందా?" అని అడిగి, పది నిమిషాలు నేర్పొచ్చు. సరిగ్గా రానివాళ్ళను పైకి పంపొచ్చు. గర్భంలోనే పద్ధతిగా మొదలుపెడితే కాన్పు తర్వాత సమస్య రావడమే తగ్గుతుందని 2020 కాక్రేన్ సమీక్ష చెప్తోంది. ఆశాలకు దీనికి శిక్షణ ఇవ్వాలి, దీనికి వేరే డబ్బు ఇవ్వాలి. ఉచిత సేవ పేరుతో ఇంకో పని ఆమె నెత్తిన పెడితే నేను ఒప్పుకోను. ఆమె కూడా ఎక్కువచోట్ల మన ఇంటి ఆడమనిషే, ఆమెకూ కారుతూ ఉండొచ్చు.

ఇక్కడ పరిశోధన చేస్తున్నవాళ్ళకు ఒక విన్నపం. శ్రమ మీద, వలస మీద, పారిశుధ్య కార్మికుల మీద పని చేస్తున్నారు. మీ ప్రశ్నావళిలో జీతం, అప్పు, మద్యం, హింస అన్నీ ఉంటాయి. మూత్రం గురించి ఒక్క ప్రశ్న చేర్చండి. "మూత్ర సమస్యలున్నాయా?" అని అడిగితే లేవంటారు. "దగ్గితే చుక్కలు పడతాయా, గుడ్డ మార్చుకోవాల్సి వస్తుందా, దీనికోసం నీళ్ళు మానేస్తారా?" అని అడగండి. ఆడమనిషి అడగాలి, పక్కన అత్త ఉండకూడదు.

చివరిగా ఏర్పాట్ల విషయం. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి, నా స్నేహితురాలితో పాటు చదివిన ఒక ఫిజియోథెరపిస్టు ఈ గదికే వస్తున్నారు. గల్లీలో పనిచేసే అక్కలు ఎనిమిది మంది వస్తామన్నారు, వాళ్ళకు ఆదివారం సాయంత్రమే ఖాళీ. హిందీలో చెప్తారు, తెలుగు నేను చేస్తాను. మగవాళ్ళు ఆ రెండు గంటలు గది ఖాళీ చేయాలి, పిల్లల్ని ఎత్తుకునేవాళ్ళు ఇద్దరు కావాలి. ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత వాళ్ళ నాన్నకు ఇదే సమస్య ఉందని ఇందాక ఒకరు అడిగారు. మగవాళ్ళకూ ఇదే కండరం, ఇదే కసరత్తు, వాళ్ళతో వేరే రోజు మాట్లాడిస్తాను. కింద అంతస్తు బాత్రూం తాళం ఇంటి ఓనరు దగ్గర ఉంది. ఆ రోజు తీసి ఉంచేటట్టు ఇప్పుడే అడిగి పెట్టండి.

జై భీమ్. జై సావిత్రీ.